రీఫ్ ట్యాంక్‌లో కోపెపాడ్స్ తగ్గిపోకుండా పెంచుకోవడం ఎలా

రీఫ్ ట్యాంక్ (పగడాలు, అంటే కోరల్స్, చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) ఉండి, ఎక్కువగా కోపెపాడ్స్ (పాడ్స్) తిని బతికే మాండరిన్ చేప కొందామని చూస్తున్నవాళ్ళు, ఆల్రెడీ కొనేసి నెలనెలా పాడ్స్ బాటిల్ తెప్పించుకుంటున్నవాళ్ళు, మెయిన్‌గా వీళ్ళ కోసం రాస్తున్నా ఇది. బాటిల్ తెచ్చి ట్యాంక్‌లో పోసేసి ఇక చేపకి తిండి అయిపోయింది అనుకోవడం అంటే విత్తనాల బస్తా తెచ్చి వండుకు తిన్నట్టే, ఒక్కసారికి కడుపు నిండుతుంది అంతే, పై వారానికి మళ్ళీ ఖాళీ. పాడ్స్ మన ట్యాంక్‌లోనే గుడ్లు పెట్టి, పిల్లలయ్యి, ఆ పిల్లలు పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టాలి, చేపలు తినే స్పీడ్ కన్నా అవి పుట్టే స్పీడ్ ఎక్కువ ఉండాలి. ఇది జరగాలంటే మూడు కావాలి, వాటికి తిండి, దాక్కోడానికి చోటు, వాటిని చంపే మందులేవీ నీళ్ళలోకి రాకుండా చూసుకోవడం. చాలామంది చేపలు తినేస్తున్నాయి అని చేపల మీద పెట్టేస్తారు గానీ నేను చూసినంతలో సగం ట్యాంకుల్లో పాడ్స్ ఆకలితోనే పోతున్నాయి, ట్యాంక్ మరీ క్లీన్‌గా ఉంచేస్తున్నాం మనం.

ముందు అవేంటో కొంచెం చూద్దాం, ఎందుకంటే ఏ రకం తెస్తున్నాం అన్నదాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది. కోపెపాడ్స్ అంటే రొయ్యా పీతా జాతికి చెందిన చిన్న చిన్న జీవులు, మనం ట్యాంకుల్లో వాడేవి ఎక్కువగా ఒక మిల్లీమీటర్ లోపు, మహా అయితే ఒకటిన్నర. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్లని నాప్లియస్ అంటారు, అది ఆరు స్టేజీలు దాటి, ఆ తర్వాత కోపెపొడైట్‌గా ఇంకో ఐదు స్టేజీలు దాటి పెద్దదవుతుంది, ప్రతి స్టేజీకీ పైన పెంకు విడుస్తుంది. ఈ పెంకు విడిచే సంగతి గుర్తు పెట్టుకోండి, కింద మందుల దగ్గర మళ్ళీ వస్తుంది.

షాపుల్లో దొరికేవాటిలో టిస్బే అని ఒకటి ఉంది, చిన్నది, తెల్లగా ఉంటుంది, నీళ్ళలో ఈదుతూ తిరగడం కన్నా రాళ్ళనీ గ్లాస్‌నీ పట్టుకుని పాకడమే ఎక్కువ, రాళ్ళ సందుల్లోకి దూరిపోతుంది. 26-27 డిగ్రీల్లో వారం పది రోజుల్లో ఒక తరం తయారైపోతుంది. రాలిన ఫుడ్, చేపల వ్యర్థం, రాళ్ళ మీద పట్టిన పొర, ఏదైనా తింటుంది. రీఫ్ ట్యాంక్‌లో సెటిల్ అవ్వాలంటే నా ఓటు దీనికే, ఇంకో ఆలోచన లేదు.

టైగ్రియోపస్ అనేది పెద్దది, ఎర్రగా నారింజ రంగులో కళ్ళకి బాగా కనపడుతుంది, అందుకే బాటిల్‌లో చూడగానే కొనేయాలనిపిస్తుంది. అది అమెరికా పడమటి తీరంలో రాళ్ళ మధ్య గుంటల్లో బతికే జీవి, చల్లటి నీళ్ళు దానికి ఇష్టం, పైగా బయటికి వచ్చి నీళ్ళలో తిరుగుతుంది కాబట్టి పోసిన రాత్రే చేపలు సగం తినేస్తాయి. తిండిగా ఫస్ట్ క్లాస్, కానీ కాపురం పెట్టే రకం కాదు. అపోసైక్లాప్స్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, వేడి తట్టుకుంటుంది, దాని పిల్లలు నీళ్ళలో తేలుతూ ఉంటాయి కాబట్టి కోరల్స్‌కి కూడా తిండి అవుతాయి, మన ఎండలకి ఇది మంచి తోడు. పార్వోకలానస్ అని ఇంకోటి వింటుంటారు, అది పూర్తిగా నీళ్ళలోనే తేలే రకం, చేప పిల్లల్ని పెంచే హేచరీల్లో దాని విలువ చాలా ఎక్కువ, ఎందుకంటే దాని నాప్లియస్ అప్పుడే పుట్టిన చేప పిల్ల నోట్లో పట్టేంత చిన్నది. ఇంట్లో డిస్‌ప్లే ట్యాంక్‌లో మాత్రం అది నిలవదు, దాని మీద డబ్బులు పెట్టకండి.

సో టిస్బే బేస్‌గా పెట్టుకుని పక్కన కొంచెం అపోసైక్లాప్స్ కలుపుకుంటే సరిపోతుంది.

ఇక్కడ మనవాళ్ళకి ఒక సమస్య ఉంది, అమెరికాలో ఉన్న మన ఫ్రెండ్స్‌కి ఇది అంతగా ఉండదు. అక్కడ లైవ్ రాక్ (జీవులు పట్టి ఉన్న రాయి) కొంటే దాంతో పాటు పాడ్స్ వచ్చేస్తాయి. మన దగ్గర కోరల్ రాళ్ళు సముద్రంలోంచి తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, తీయకూడదు కూడా, మన సముద్రాల్లో అసలే రీఫ్‌లు దెబ్బతిని ఉన్నాయి. అలాగే సీహార్స్‌కి పాడ్స్ పెడదామని ఎవరైనా అడిగితే, అది కూడా అదే చట్టం కింద రక్షణలో ఉన్న జీవి, పెంచే ఆలోచనే వద్దు. కాబట్టి ఇక్కడ ట్యాంకులన్నీ దాదాపు డ్రై రాక్‌తోనే మొదలవుతాయి, డ్రై రాక్‌లో ప్రాణం ఉన్నది ఏదీ ఉండదు, పాడ్స్‌ని మనమే తెచ్చి వేయాలి, అవి నిలదొక్కుకోడానికి టైమ్ ఇవ్వాలి. ట్యాంక్ సైకిల్ అయ్యి (అంటే అమ్మోనియాని తీసేసే బాక్టీరియా నిలదొక్కుకుని), రాళ్ళ మీద గోధుమ రంగు డయాటమ్ పొర రావడం మొదలైనప్పుడు పాడ్స్ వేస్తే బాగా అందుకుంటాయి, ఆ పొరే వాటి తిండి. అందరూ ఛీ అనుకుని తుడిచేసే ఆ స్టేజ్ పాడ్స్‌కి పండగ.

కొనేటప్పుడు బాటిల్ వెనకాల ఫోన్ టార్చ్ పెట్టి చూడండి, చిన్న చిన్న చుక్కలు ఆగి ఆగి కుదుపుగా కదులుతూ ఉండాలి. ఒకే స్పీడ్‌లో నున్నగా జారుతూ పోయేవి అయితే అవి రోటిఫర్స్ అనే ఇంకో రకం చిన్న జీవులు, పాడ్స్ కాదు. మూత తీస్తే సముద్రం వాసన రావాలి, కుళ్ళిన గుడ్డు వాసన వస్తే లోపల చచ్చిపోయాయని అర్థం, తీసుకోవద్దు. కొరియర్‌లో తెప్పించుకుంటే ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మానుకోండి, మధ్యాహ్నం వ్యాన్‌లో ఆ బాటిల్ ఉడికిపోతుంది, జూలై తర్వాత తెప్పించుకోండి.

వేసే పద్ధతి చెప్తా. లైట్లు ఆపేసి ఒక గంట ఆగండి, చేపలు పడుకోవాలి. బాటిల్‌ని పావుగంట సంప్‌లో (ట్యాంక్ కింద ఫిల్టర్లు పెట్టుకునే రెండో ట్యాంక్) తేలేసి టెంపరేచర్ కలవనివ్వండి, తర్వాత ట్యాంక్ నీళ్ళు కొంచెం కొంచెం కలుపుకుంటూ పోండి, ఉప్పు తేడా ఎక్కువుంటే ఇంకొంచెం నిదానంగా. వేవ్‌మేకరూ రిటర్న్ పంపూ ఆపి, ఒక ట్యూబ్ పెట్టి పాడ్స్ నీళ్ళని రాళ్ళ అడుగున, సందుల దగ్గర వదలండి, పైనుంచి ధారగా పోయొద్దు. సగం సంప్‌లో రెఫ్యూజియంలో (పాడ్స్ దాక్కునే గది, కింద చెప్తా) పోయండి. అరగంట తర్వాత పంపులు ఆన్ చేస్కోండి. ఫిల్టర్ సాక్ (నీళ్ళు వడకట్టే గుడ్డ సంచి) ఉంటే రెండు మూడు రోజులు తీసేయండి, యూవీ స్టెరిలైజర్ కూడా ఆపేయండి. ఒకేసారి పెద్ద బాటిల్ పోయడం కన్నా చిన్నవి రెండు, మధ్యలో రెండు మూడు వారాలు గ్యాప్ ఇచ్చి వేస్తే మంచిది, మొదటిది ఏ కారణం చేతనైనా నిలవకపోతే రెండోది నిలుస్తుంది.

తిండి సంగతి

ఇది కొంచెం పెద్దగానే రాస్తా, ఎందుకంటే అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా, గ్లాస్ నాలుగు వైపులా తళతళ, ఇసుక పాలలా తెల్లగా, ఇలా ఉంచిన ట్యాంక్‌లో పాడ్స్ ఏం తింటాయి చెప్పండి. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్యలో ఉంటే కోరల్స్‌కీ ఇబ్బంది లేదు, రాళ్ళ మీద సన్నటి పొర కూడా ఉంటుంది. ముందు గ్లాస్ మాత్రమే తుడవండి, వెనక గ్లాస్, వీలైతే ఒక పక్క గ్లాస్ కూడా అస్సలు ముట్టుకోవద్దు. ఒక్క ఈ మార్పుతోనే కొన్ని వారాల్లో తేడా కనపడుతుంది, రాత్రి టార్చ్ వేసి వెనక గ్లాస్ చూడండి, ఆ ఆకుపచ్చ పొర మీద తెల్లటి చుక్కలు మేస్తూ కనపడతాయి, దగ్గరగా భూతద్దం పెట్టి చూస్తే కొన్నిటి తోక కింద గుడ్ల సంచి వేలాడుతూ ఉంటుంది. టిస్బేకి ఒక సంచి, అపోసైక్లాప్స్‌కి రెండు వైపులా రెండు సంచులు. గుడ్లున్న ఆడవి కనపడుతున్నాయంటే ఆ ట్యాంక్‌లో తిండి అందుతోందని అర్థం. పెద్దవి మాత్రమే కనపడుతూ ఒక్కదానికీ గుడ్లు లేకపోతే ఆకలితో ఉన్నాయి, తిండి పెంచండి.

దానికి తోడు ఫైటోప్లాంక్టన్ (ఫైటో), అంటే నీళ్ళలో తేలే కంటికి కనపడనంత చిన్న ఆల్గే, పోయాలి. మన దగ్గర ఎక్కువగా దొరికేది నానోక్లోరాప్సిస్, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది, ఒక్కో కణం 2-3 మైక్రాన్లు, చాలా చిన్నది, గోడ మందంగా ఉంటుంది. ఈపీఏ అనే కొవ్వు దాంట్లో బాగా ఉంటుంది గానీ డీహెచ్ఏ అనే ఇంకో కొవ్వు దాదాపు ఉండదు, ఆ డీహెచ్ఏ ఐసోక్రైసిస్‌లో ఉంటుంది, అది బంగారు గోధుమ రంగులో ఉంటుంది. టెట్రాసెల్మిస్ ఇంకొంచెం పెద్ద కణం, 10 మైక్రాన్ల దాకా, పాడ్స్ సులువుగా పట్టుకుని తింటాయి. అందుకే ఒక్క నానో మీదే నడపకుండా రెండు మూడు రకాలు కలిపి పోస్తే పాడ్స్ బలంగా ఉంటాయి, అవి తిన్నదే కదా చివరికి చేపకీ వెళ్ళేది.

ఎంత పోయాలి అంటే బాటిల్ మీద రాసిన డోస్‌లో సగంతో మొదలుపెట్టి, రెండు వారాలు చూసి, ఫాస్ఫేట్ పెరగకపోతే పెంచుకుంటూ పోండి. రాత్రి పోయండి, పోసిన తర్వాత స్కిమ్మర్ (గాలి బుడగలతో నీళ్ళలో మురికిని కప్పులోకి లాగే మెషీన్) రెండు మూడు గంటలు ఆపేయండి, లేకపోతే పోసిందంతా కప్పులోకి వచ్చేస్తుంది. లైవ్ ఫైటో అయితే ఫ్రిజ్‌లో పెట్టి రోజూ ఒకసారి ఊపాలి, అడుగున పేరుకుపోతే అక్కడ చచ్చిపోతుంది, వాసన మారిందంటే పారబోయండి, ఇంత ఖరీదు పెట్టాం కదా అని ట్యాంక్‌లో పోస్తే అమ్మోనియా తప్ప ఇంకేం రాదు.

ఫైటో దొరకని ఊళ్ళో ఉన్నవాళ్ళు స్పిరులినా పౌడర్ వాడుకోవచ్చు, చిటికెడు తీసుకుని ఉప్పు నీళ్ళలో బాగా కలిపి పల్చటి గుడ్డలో వడకట్టి కొన్ని చుక్కలు వేస్తే టిస్బే తింటుంది. ఫైటో అంత మంచిది కాదు, నీళ్ళు త్వరగా పాడవుతాయి, కానీ అవసరానికి పనికొస్తుంది.

ఆంధ్రా తీరంలో ఉన్నవాళ్ళకి ఒక మంచి అవకాశం ఉంది, చాలామందికి తట్టదు ఇది. భీమిలి నుంచి కాకినాడ, బాపట్ల, నెల్లూరు వైపు దాకా రొయ్యల హేచరీలు ఉన్నాయి కదా, పిల్ల రొయ్యలకి మేత కోసం వాటిల్లో ఆల్గే ల్యాబ్ ఉంటుంది, కీటోసెరస్, థలాసియోసైరా లాంటి డయాటమ్స్ అక్కడ రోజూ పెంచుతారు. తెలిసినవాళ్ళు ఉంటే ల్యాబ్‌లో ఫ్లాస్క్ నుంచి ఒక చిన్న సీసా స్టార్టర్ అడిగితే ఇస్తారు, డయాటమ్స్ పాడ్స్‌కి చాలా ఇష్టమైన తిండి. కానీ ఒక్క జాగ్రత్త, ల్యాబ్‌లో ఫ్లాస్క్‌లోది మాత్రమే తీసుకోండి, రొయ్య పిల్లలున్న ట్యాంక్ నీళ్ళు గానీ, బయట పెద్ద ట్యాంకుల్లో పెంచే ఆల్గే గానీ వద్దు. 1990ల్లో మన రొయ్యల చెరువుల్ని తుడిచిపెట్టేసిన వైట్ స్పాట్ వైరస్ రొయ్యలకీ పీతలకీ అంటుకుంటుంది, పాడ్స్ కూడా దాన్ని మోయగలవు, మన ట్యాంక్‌లో క్లీనర్ ష్రింప్ ఉందనుకోండి దానికి ప్రమాదం. ఇదే కారణంతో బీచ్‌కి వెళ్ళి వలతో ప్లాంక్టన్ పట్టుకొచ్చి పోయడం కూడా వద్దంటా, ఏమేం వస్తాయో మనకి కనపడవు.

చోటు

చేప నోరు దూరని చోటు కావాలి, అంతే లెక్క. దీనికి బెస్ట్ రెఫ్యూజియం, అంటే సంప్‌లో ఒక గదిలో చీటో అనే పోగుపోగుగా ఉండే ఆకుపచ్చ ఆల్గే, అడుగున అంగుళం రెండంగుళాల రాతి ముక్కలు, నిదానంగా పారే నీళ్ళు, పైన ఒక లైట్. లైట్‌ని డిస్‌ప్లే ఆరిపోయాక వెలిగేలా టైమర్ పెట్టుకుంటే రాత్రి పీహెచ్ మరీ పడిపోకుండా కూడా ఉంటుంది. చీటో పెరిగాక సగం తీసి పారేస్తాం కదా, అప్పుడు నేరుగా చెత్తలో వేయొద్దు, ట్యాంక్ నీళ్ళు పోసిన బకెట్‌లో ఆ ముద్దని గట్టిగా ఊపి పిండండి, నీళ్ళ మీదకి టార్చ్ వేసి చూడండి, వందల కొద్దీ పాడ్స్ గిలగిలలాడుతూ కనపడతాయి. ఆ నీళ్ళని తిరిగి ట్యాంక్‌లో పోసేయండి.

సంప్ లేనివాళ్ళు నిరుత్సాహపడక్కర్లేదు. ట్యాంక్ బయట తగిలించే బాక్స్ ఫిల్టర్ ఉంటే దాంట్లో ఫిల్టర్ తీసేసి చీటో, రాతి ముక్కలు వేసి చిన్న లైట్ క్లిప్ చేస్కోండి. అది కూడా లేదంటే డిస్‌ప్లేలోనే రాళ్ళ వెనక ఒక మూల చిన్న రాతి ముక్కలు గుట్టగా పోసి, చేప దూరకుండా ప్లాస్టిక్ మెష్ కప్పేయండి. పాడ్స్ లోపల పెరుగుతాయి, ఎక్కువైనవి కన్నాల్లోంచి బయటికి వస్తాయి, అవే చేప తింటుంది, లోపల ఉన్నవి సేఫ్.

పంపులో పడి నలిగి చచ్చిపోతాయేమో అని చాలామంది భయం. కొన్ని పోతాయి నిజమే గానీ ఇంత చిన్న జీవులు చాలావరకు దాటేస్తాయి, రెఫ్యూజియం నుంచి డిస్‌ప్లేకి పాడ్స్ వెళ్ళే దారి కూడా ఆ రిటర్న్ పంపే కదా, దాని గురించి ఆలోచించడం మానేయండి. అసలు నష్టం ఫిల్టర్ సాక్‌తో, రోలర్ మ్యాట్‌తో. 200 మైక్రాన్ల సాక్‌లో పెద్ద పాడ్స్ చిక్కుకుంటాయి, సాక్ తీసి వాషింగ్ మెషీన్‌లో వేసేస్తే అవన్నీ పోయినట్టే. ఉతికేముందు ట్యాంక్ నీళ్ళ బకెట్‌లో లోపలి వైపు తిప్పి జాడించండి, లేదా వారంలో కొన్ని రోజులు సాక్ లేకుండా నడపండి. స్కిమ్మర్ కొన్నిటిని లాగుతుంది, దాన్ని మాత్రం ఉంచాలి, మన ఎండల్లో నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది, స్కిమ్మర్ ఇచ్చే గాలి చేపలకి కావాలి.

చంపేవి

దోమల మందు. మన ఇళ్ళల్లో ఇది లేని ఇల్లు లేదు, ఇంగ్లీషు గైడ్లలో ఇది పెద్దగా కనపడదు కాబట్టి నేను గట్టిగా చెప్తున్నా. ప్లగ్‌లో పెట్టే లిక్విడ్, కాయిల్, బొద్దింకల స్ప్రే, వీటిల్లో ఎక్కువగా ఉండేవి పైరెథ్రాయిడ్ మందులు, రొయ్య జాతి జీవులకి ఇవి చాలా చాలా తక్కువ మోతాదులోనే విషం. నీళ్ళలో పడితేనే కదా అనుకోవద్దు, స్కిమ్మర్ రోజంతా గదిలో గాలిని లాగి నీళ్ళలో బుడగలు చేస్తూనే ఉంటుంది, ఎయిర్ పంప్ కూడా అంతే, గదిలో ఏముంటే అది ట్యాంక్‌లోకి పోతుంది. ట్యాంక్ ఉన్న గదిలో వీటిని పూర్తిగా మానేసి కిటికీలకి దోమ తెర కొట్టించుకోండి, దోమల బ్యాట్ వాడుకోండి. అపార్ట్‌మెంట్‌లో పెస్ట్ కంట్రోల్ వాళ్ళు వస్తున్నారంటే ఆ రోజు ట్యాంక్ గది తలుపు మూసి, కింద సందుకి తడి గుడ్డ పెట్టి, ట్యాంక్ మీద షీట్ కప్పి, స్కిమ్మర్, ఎయిర్ పంప్ ఆపి, వేవ్‌మేకర్ ఒక్కటే నడపండి, వాళ్ళు వెళ్ళాక కిటికీలు తీసి గాలి బాగా పోయాకే మళ్ళీ ఆన్ చేస్కోండి, సంప్‌లో కొత్త కార్బన్ వేయండి.

రాగి. చేపలకి ఇచ్చే రాగి మందు క్వారంటైన్ ట్యాంక్‌లో మాత్రమే, డిస్‌ప్లేలో వేస్తే పాడ్స్, రొయ్యలు, నత్తలు అన్నీ పోతాయి, పైగా రాళ్ళు ఆ రాగిని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతూ ఉంటాయి. ఇంట్లో ఇంకో దారిలో కూడా వస్తుంది రాగి, ఈమధ్య వాటర్ ప్యూరిఫయర్లు నీళ్ళలో రాగి కలిపి ఇచ్చేవి వస్తున్నాయి, ఆరోగ్యానికి మంచిదని కొంటున్నారు, మనుషుల సంగతి వేరు, ఆ నీళ్ళు ట్యాంక్‌లో టాప్ అప్‌కి అస్సలు వాడొద్దు. రాగి బిందెలో పట్టి ఉంచిన నీళ్ళు కూడా వద్దు. విడిగా ఒక ఆర్వో డీఐ యూనిట్ పెట్టుకుని, టీడీఎస్ మీటర్‌లో సున్నా చూపించే నీళ్ళే వాడండి.

అక్రోపోరా కోరల్స్ మీద రెడ్ బగ్స్ అని ఎర్ర చుక్కలు పడతాయి, అవి కూడా ఒక రకం కోపెపాడ్సే. వాటికి వాడే మిల్బెమైసిన్ అసలు కుక్కలకి పురుగులు పోవడానికి ఇచ్చే మందు, అది రెడ్ బగ్స్‌తో పాటు మంచి పాడ్స్‌నీ రొయ్యల్నీ పీతల్నీ కూడా చంపేస్తుంది. అలాగే పెంకు ఏర్పడకుండా అడ్డుకునే మందులు కొన్ని ఉన్నాయి, పైన చెప్పా కదా ప్రతి స్టేజీలో పెంకు విడిచి కొత్తది పెట్టుకోవాలి అని, ఆ కొత్త పెంకు రాకపోతే పిల్లలు పెద్దవి కాలేవు, పెద్దవి కొన్నాళ్ళు కనపడుతూనే ఉంటాయి కానీ తరం ఆగిపోతుంది. కోరల్‌ని విడిగా బకెట్‌లో పెట్టి ట్రీట్ చేయడం కష్టమే అయినా అదే మేలు.

విడిగా ఒక డబ్బాలో పెంచుకోవడం

మాండరిన్ ఉన్న ప్రతి ఇంట్లో ఇది ఉండాలని నా అభిప్రాయం. పెద్ద సెటప్ ఏం కాదు, 5 లీటర్ల ప్లాస్టిక్ జాడీలు రెండు, తెల్లగా లోపల కనపడేవి, ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుంది, వీలైతే రెండూ వేరే వేరే గదుల్లో పెట్టండి. కొత్తగా కలిపిన ఉప్పు నీళ్ళు, స్పెసిఫిక్ గ్రావిటీ 1.023 నుంచి 1.025, ఎయిర్ పంప్ నుంచి గట్టి ప్లాస్టిక్ గొట్టం ఒకటి అడుగు దాకా పెట్టి సెకనుకి ఒకటి రెండు పెద్ద బుడగలు వచ్చేలా వాల్వ్ తిప్పుకోండి. ఎయిర్ స్టోన్ పెట్టొద్దు, సన్న బుడగలు పాడ్స్‌కి అంటుకుని పైకి తేల్చేస్తాయి. మూతగా పల్చటి గుడ్డ రబ్బర్ బ్యాండ్‌తో కట్టండి, దుమ్ము పడకుండా. లైట్ ఏం అక్కర్లేదు, గదిలో వెలుతురు చాలు, ఎండ మాత్రం తగలకూడదు.

ఫైటో ఎంత వేయాలో కొలత కన్నా కంటితో చూడటమే మంచిది. నీళ్ళు లేత పచ్చగా మారాలి, జాడీ వెనక చెయ్యి పెడితే వేళ్ళు స్పష్టంగా కనపడాలి. రెండు మూడు రోజుల్లో నీళ్ళు తేటగా అయిపోతాయి, అంటే తినేశాయి, మళ్ళీ వేయండి. తేటపడకుండానే మళ్ళీ మళ్ళీ వేస్తే అడుగున కుళ్ళి అమ్మోనియా వచ్చి జాడీ మొత్తం ఒక్క రాత్రిలో పోతుంది, డబ్బాల్లో పెంచేవాళ్ళకి ఎక్కువగా జరిగేది ఇదే. ఫ్యాన్ కింద నీళ్ళు ఆవిరై ఉప్పు పెరిగిపోతుంది కాబట్టి జాడీ మీద మార్కర్‌తో గీత గీసుకుని తగ్గినంత ఆర్వో నీళ్ళు కలుపుతూ ఉండండి.

రెండు మూడు వారాలకి టార్చ్ వేస్తే జాడీ గోడల నిండా కనపడతాయి, అప్పటి నుంచి వారానికోసారి పావు వంతు నీళ్ళు తీసి జల్లెడ పట్టి ట్యాంక్‌లో వేయొచ్చు. పెద్దవి మాత్రమే కావాలంటే 120 మైక్రాన్ల జల్లెడ, పిల్లలు కూడా కావాలంటే 50 దగ్గర్లోది. తీసినన్ని కొత్త ఉప్పు నీళ్ళు పోయండి. నెల రెండు నెలలకోసారి అడుగున పేరుకున్న మట్టి తీసేయాలి, దాంట్లో కూడా బోలెడు పాడ్స్ ఉంటాయి, నేరుగా సింక్‌లో పోయకుండా దాన్ని ఇంకో డబ్బాలో పోసి కొత్త కల్చర్‌గా మొదలుపెట్టుకోవచ్చు.

ఫైటో కూడా ఇంట్లోనే పెంచేవాళ్ళు రెండింటి గొట్టాలు, మగ్గులు, గరాటాలు అన్నీ వేరు వేరుగా పెట్టుకోండి, ఫైటో సీసాలు పై అరలో, పాడ్స్ కింది అరలో. ముందు ఫైటో పని చేసుకుని తర్వాతే పాడ్స్ జోలికి వెళ్ళండి. ఫైటోలో నాలుగు పాడ్స్ పడ్డా, రోటిఫర్స్ పడ్డా కొన్ని రోజుల్లో సీసా మొత్తం తేటగా తాగేస్తాయి.

ఎండాకాలం హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల గదిలో 35 దాటుతుంది, అప్పుడు జాడీల్ని ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో నేల మీద పెట్టండి, వెడల్పాటి టబ్‌లో నీళ్ళు పోసి దాంట్లో నిలబెడితే ఇంకా మంచిది. కరెంట్ పోతే ఈ జాడీలకి కొన్ని గంటల దాకా ఏం కాదు, ఇన్వర్టర్ మీద ముందు డిస్‌ప్లే వేవ్‌మేకర్ ఉండాలి.

చేప వైపు నుంచి

మాండరిన్ పగలంతా రాళ్ళ మీద తిరుగుతూ కొన్ని సెకన్లకి ఒకటి చొప్పున పొడుస్తూనే ఉంటుంది, దాని పేగు చిన్నది, ఒక్కసారి తిని కూర్చునే చేప కాదు. కొనేముందు దాన్ని పైనుంచీ ముందు నుంచీ చూడండి, పొట్ట కొంచెం గుండ్రంగా ఉండాలి, పొట్ట లోపలికి పోయి తల వెనక వీపు సన్నబడి ఉంటే అది షాపులో రోజుల తరబడి పస్తు ఉంది, దాన్ని తెచ్చి బతికించడం చాలా కష్టం. ట్యాంక్ మొదలుపెట్టి కనీసం ఆరేడు నెలలు అయ్యాక, రాత్రి గ్లాస్ మీద పాడ్స్ వరసగా చాలా వారాలు కనపడ్డాకే తేవాలి. 300 లీటర్ల కన్నా చిన్న ట్యాంక్ అయితే రెఫ్యూజియం, కల్చర్ రెండూ లేకుండా ఆ ఆలోచన పెట్టుకోవద్దు. సిక్స్‌లైన్ రాస్, లెపర్డ్ రాస్, స్కూటర్ బ్లెన్నీ, ఈ చేపలన్నీ అదే తిండి కోసం పోటీ పడతాయి, చిన్న ట్యాంక్‌లో వీటిల్లో ఒక్కటే ఉండాలి.

దానికి ఫ్రోజెన్ ఫుడ్ అలవాటు చేస్తే పాడ్స్ మీద భారం సగం తగ్గుతుంది. మూతి సన్నగా ఉన్న చిన్న గాజు సీసాని అడ్డంగా ఇసుక మీద పడుకోబెట్టి, అప్పుడే పొదిగిన బ్రైన్ ష్రింప్ పిల్లల్ని పైపుతో దాంట్లో వదలండి, వేరే చేపలు తినేసే లోపల మాండరిన్ దూరి తింటుంది, కొన్నాళ్ళకి వాటితో పాటు ఫ్రోజెన్ సైక్లాప్స్ కలపండి. అన్ని చేపలూ అలవాటు పడవు, ఓపిక కావాలి.

పాడ్స్ ఎలా ఉన్నాయో వారానికోసారి ఒకే రోజు, లైట్లు ఆరిన గంట తర్వాత, వెనక గ్లాస్ మీద అరచెయ్యంత చోటులో లెక్కపెట్టి రాసుకోండి. పగలు కనపడకపోతే కంగారు పడొద్దు, పగలు దాక్కుంటాయి. కొత్త ట్యాంక్‌లో రెండు మూడు నెలలప్పుడు గ్లాస్ తెల్లగా అయ్యేంత వచ్చి, తర్వాత ఒక్కసారిగా తగ్గిపోతాయి, డయాటమ్స్ అయిపోవడం వల్ల తగ్గుతాయి, అది మామూలే. కానీ పాత ట్యాంక్‌లో వరసగా మూడు నాలుగు వారాలు లెక్క పడిపోతూ ఉంటే, ముందు ఇంట్లో కొత్తగా ఏ స్ప్రే కొట్టారో కనుక్కోండి, తర్వాత నైట్రేట్, ఫాస్ఫేట్ చూడండి, తర్వాతే చేపల సంగతి.

సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు చాలామంది జాడీల్లో వారానికి సరిపడా ఫైటో ఒకేసారి పోసి వెళ్తారు, అలా చేయొద్దు. వెళ్ళే ముందు రోజు సగం నీళ్ళు మార్చి, మామూలుగా వేసే ఫైటోనే వేసి, ఒక్కో జాడీలో గుప్పెడు చీటో పడేసి, గాలి మాత్రం ఆగకుండా చూసుకుని వెళ్ళండి. టిస్బే ఆ చీటో మీద పొర తింటూ వారం పది రోజులు గడిపేస్తుంది, వచ్చాక మళ్ళీ కొంచెం కొంచెంగా ఫైటో మొదలుపెట్టుకోవచ్చు.